వాయుగుండం, తుఫాను: తేడా ఏమిటి?

వార్తల్లో అల్పపీడనం, వాయుగుండం, తుఫాను అనే మాటలు ఎందుకు మారుతుంటాయని మీరు అడిగారు. మన వాతావరణ శాఖ వీటిని గాలి వేగాన్ని బట్టి విడదీస్తుంది, వాన ఎంత పడుతుందన్నదానితో కాదు. ఇది గుర్తుంచుకోవడం చాలా ముఖ్యం. వాయుగుండమే కదా అని తేలిగ్గా తీసుకుంటే ఊళ్లు మునిగే వాన కురవవచ్చు.

సముద్రం మీద పీడనం తగ్గి, గాలులు దాని చుట్టూ తిరగడం మొదలైతే అల్పపీడనం. ఆ గాలుల వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం. 62 నుంచి తుఫాను. పేరు పెట్టేది ఇక్కడే. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని కుదిపేసిన హుద్‌హుద్ ఆ స్థాయిదే. 1999లో ఒడిశాను ముంచెత్తింది అన్నిటికన్నా పైమెట్టు, సూపర్ సైక్లోన్.

ఇవి కాసేపు వీచిన గాలి సగటు వేగాలు. మధ్యమధ్య వచ్చే ఈదురుగాలి ఇంకా ఉద్ధృతంగా ఉంటుంది. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య ప్రశాంతంగా ఉండే భాగం, మన మీదుగా వెళ్తున్నప్పుడు గాలి ఒక్కసారిగా తగ్గుతుంది. అప్పుడు దయచేసి బయటికి రాకండి, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వీస్తుంది.