పరీక్షలన్నీ నార్మల్, అయినా చచ్చిపోతానన్న భయం: మామూలు డాక్టర్ చూడగలరా?

మీరు అడిగింది ఇది: తమ్ముడికి ఇరవై ఏడేళ్లు. మూడు నెలల్లో నాలుగుసార్లు ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడక ప్రాణం పోతున్నట్టు అనిపించడం. ప్రతిసారీ ఎమర్జెన్సీకి పరుగు, ఈసీజీ నార్మల్ అని ఇంటికి పంపేయడం. దీన్ని మామూలు డాక్టర్ తేల్చగలరా, నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలా అని.

చాలామందికి మామూలు డాక్టరే తేల్చగలరు, వైద్యం కూడా మొదలుపెట్టగలరు. నేను డాక్టర్ని కాను. మీ తమ్ముడిలాగే ఎమర్జెన్సీకి పరుగులు తీసినవాణ్ని. నా జబ్బుకు పానిక్ డిజార్డర్ అన్న పేరు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మొదటిసారి లిఫ్ట్‌లో వచ్చింది. ఆఫీసులో ఆరో అంతస్తుకు వెళ్తున్నాను. ఏ గొడవా లేదు, ఏ టెన్షనూ లేదు. నాలుగో అంతస్తు దాటేలోపు గుండె డప్పులా కొట్టుకోవడం మొదలైంది. వేళ్లకు తిమ్మిర్లు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, పక్కనున్నవాళ్లంతా అద్దానికి అవతల ఉన్నట్టు. హార్ట్ అటాకే అనుకున్నాను. ఆసుపత్రికి చేరేసరికే సగం తగ్గిపోయింది. ఈసీజీ తీసి, ‘ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు. టెన్షన్ లేదు మొర్రో అంటే ఎవరు వింటారు?

ఆ ‘ఏమీ లేదు’ వినేటప్పుడు హాయిగానే ఉంటుంది. రెండో రోజుకల్లా పురుగులా తొలచడం మొదలుపెడుతుంది. ఏమీ లేకపోతే ఎందుకొచ్చింది? వీళ్లకు దొరకలేదేమో? అలా నాలుగు ఈసీజీలు, రెండు ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యాయి. మొదటి రిపోర్టు ఇచ్చిన ధైర్యం నెలరోజులు నిలిచింది. చివరిది మూడు రోజులు కూడా నిలవలేదు.

ఆఖరికి జ్వరం వచ్చి వెళ్తే ఒక జనరల్ ఫిజీషియన్ పట్టుకున్నారు. మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన రిపోర్టులన్నీ తిరగేసి పక్కన పెట్టి, ‘సరే, అది రాని రోజుల్లో ఏం చేస్తుంటారు?’ అని అడిగారు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. చెప్పుకుంటూ పోతే నాకే సిగ్గేసింది. లిఫ్ట్ ఎక్కడం మానేశాను. ఒంటరిగా బండి నడపడం మానేశాను. సినిమాకెళ్తే తలుపు పక్క సీటే. జేబులో ఆక్సీమీటర్. రోజుకు పాతికసార్లు నాడి చూసుకోవడం. ఎక్కడికెళ్లినా మా అక్క తోడు. ఇవన్నీ జాగ్రత్తలనుకున్నాను. జబ్బంటే ఇదేనని ఆయన చెప్పేదాకా తోచలేదు.

ఇలా ఉన్నట్టుండి ముంచెత్తే భయాన్ని పానిక్ అటాక్ అంటారు. అది ఒకసారి ఎవరికైనా రావచ్చు, అంతమాత్రాన జబ్బున్నట్టు కాదు. కారణం కనబడకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ తర్వాత కనీసం నెలరోజుల పాటు ‘మళ్లీ వస్తుందేమో, వస్తే ఏమైపోతానో’ అన్న బెంగ పట్టుకున్నా, దాన్ని తప్పించుకోవడానికి మనిషి తన తీరు మార్చుకున్నా అప్పుడు పానిక్ డిజార్డర్ అంటారు. అటాక్ నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, దిగిపోతుంది. నిద్రలోంచి లేపేసే అటాక్‌లూ ఉంటాయి, నాకు రెండుసార్లు అలా వచ్చింది. ‘నిద్రలో టెన్షన్ ఏంటి, ఇది కచ్చితంగా గుండే’ అని అప్పుడు బలంగా నమ్మేశాను.

ఈ బాధతో మనుషులు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఇవాళ్టిది కాదులెండి. 1871లోనే జేకబ్ డా కోస్టా అనే అమెరికా వైద్యుడు అంతర్యుద్ధ సైనికుల్లో దడ, ఆయాసం, ఛాతీ నొప్పి చూసి దానికి గుండె పేరే పెట్టాడు. పానిక్ డిజార్డర్ అని అమెరికా మానసిక వైద్యులు జబ్బులను వర్గీకరించే పుస్తకంలో విడిగా చేరింది 1980లో.

అయితే పరీక్షలు అక్కర్లేదని కాదు. ఒక్కసారి సరిగ్గా చేయించాలి. నాకు ఈసీజీ ఉంది కాబట్టి థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్, షుగర్ చూశారు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, గుండె లయ తప్పినా అచ్చం ఇలాగే ఉంటుంది. కాఫీ ఎన్ని కప్పులు, జలుబు మాత్రలు, ఆస్తమా ఇన్‌హేలర్ వాడుతున్నానా, మద్యం అలవాటుండి ఈమధ్య మానేశానా అనీ అడిగారు. శ్రమపడ్డప్పుడే ఛాతీ నొప్పి రావడం, స్పృహ తప్పి పడిపోవడం, నడివయసు దాటాక మొదటిసారి ఇలా కావడం ఉంటే మాత్రం పానిక్ అని తేల్చేసుకోకూడదు, గుండె వైపే ముందు చూడాలి. మీ తమ్ముడికి ఇవి లేకపోతే, ఒకసారి అన్నీ చూశాక ఆపేయండి. అయిదో ఈసీజీ వైద్యం కాదు, ఆక్సీమీటర్ లాంటిదే.

తిమ్మిర్ల సంగతి ఆయన బల్ల మీద కాగితం పెట్టి గీసి చూపించారు. భయంతో గబగబా ఊపిరి తీస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, అందుకే కళ్లు తిరగడం. వేళ్లకు, పెదాలకు తిమ్మిర్లు కూడా ఆ కార్బన్ డయాక్సైడ్ పడిపోవడం వల్లే. ఊపిరి చాలడం లేదనిపిస్తుంది కానీ నిజానికి ఎక్కువ తీసుకుంటున్నాం. ఆ తిమ్మిరిని చూసి ఇంకా భయం, ఇంకా వేగంగా ఊపిరి. అయిదు నిమిషాల ఆ మాట నాకు అయిదు రిపోర్టుల కంటే ఎక్కువ పనిచేసింది. కాగితం సంచిలోకి ఊపిరి వదలమని కొందరు చెబుతారు, అది వద్దు. నిజంగా గుండెదో ఊపిరితిత్తులదో అయితే ప్రమాదం.

మందు విషయానికొస్తే, సెర్ట్రలిన్ అనే, ఆందోళనకూ డిప్రెషన్‌కూ వాడే మందు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 50 చేశారు. మొదటి వారం దడ కాస్త పెరగొచ్చు, మానకండి అని చెప్పే పంపారు. అయినా నాలుగో రోజు దడ పెరగ్గానే నేనే ఆపేసి, వారం వృథా చేసుకున్నాను. ఇలాంటి మందులు పని చూపడానికి వారాలు పడుతుంది. నాకు అయిదో వారంలో తేడా తెలిసింది. బాగయ్యాక కూడా ఏడాది వాడించి, మెల్లగా తగ్గించి ఆపారు. అంతకుముందు ఇంకో చోట ‘దడ వస్తే వేసుకోండి’ అని క్లోనజెపామ్ అనే, ఆందోళనను త్వరగా తగ్గించే మాత్ర ఇచ్చి పంపారు. అది పది అటాక్‌లు ఆపింది, పదకొండోదానికి భయం పెంచింది, ఎందుకంటే జేబులో మాత్ర లేకుండా గుమ్మం దాటలేకపోయేవాణ్ని. రోజూ వాడితే అలవాటు పడిపోయే మందు అది. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ చెప్పినట్టు తగ్గించాలి.

నా లెక్కలో అసలు పని చేసింది మాత్రం సైకాలజిస్ట్ దగ్గర చేసిన కసరత్తు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే వైద్యం. కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవడమే అనుకుని వెళ్లాను. ఆవిడ నన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పారు! ఇంకో రోజు సన్న స్ట్రాతో ఊపిరి తీయమన్నారు, మెట్లు పరిగెత్తి ఎక్కమన్నారు. దడ, కళ్లు తిరగడం, ఆయాసం కావాలని తెచ్చుకుని, పారిపోకుండా కూర్చుని, అవి వాటంతటవే దిగడం చూడాలన్నమాట. (గుండె, ఆస్తమా లేవని తేలాకే చేయించారు, మీరు ఇంట్లో మొదలుపెట్టేయకండి.) ఆ తర్వాత లిఫ్ట్. మొదట ఒక అంతస్తు, తర్వాత రెండు, ఆక్సీమీటర్ ఇంట్లో పెట్టి. ఆరో అంతస్తు చేరడానికి ఆరు వారాలు పట్టింది. తిట్టుకుంటూనే ఎక్కాను.

సైకియాట్రిస్ట్ ఎప్పుడంటే, రెండు రకాల వైద్యం సరిగ్గా చేసినా తగ్గనప్పుడు, మద్యం కలిసినప్పుడు, డిప్రెషన్ బాగా ముదిరినప్పుడు. చచ్చిపోవాలన్న ఆలోచనలుంటే ఇక ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి. ‘చచ్చిపోతానేమో’ అన్న భయం వేరు, ‘చచ్చిపోతే బాగుండు’ అనుకోవడం వేరు, ఆ తేడా మీ తమ్ముణ్ని సూటిగా అడిగి తెలుసుకోండి. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడక్కర్లేదు.

ఇక మీరు చేయాల్సింది. మా అక్కకు డాక్టర్ చెప్పిన మాటే చెబుతాను: ‘అమ్మా, రోజుకు పది అడుగులు వెనక్కి తగ్గండి.’ మొదట ఆఫీసు గేటు దాకా వచ్చేది, తర్వాత వీధి చివరి దాకా, తర్వాత గుమ్మం దాకా. అటాక్ వస్తే ‘ఏమీ కాదురా’ అనడం మానేసి, పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదలమనేది. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు ఇంట్లోనే ఆగాలి అన్నది డాక్టర్‌తో ముందే మాట్లాడి ఒక చీటీ మీద రాసి పెట్టుకున్నాం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఈసీజీలన్నీ పట్టుకెళ్లండి. వాటి మీద ఇంకో కాగితం పెట్టండి: ఈ మూడు నెలల్లో మీ తమ్ముడు ఏమేం మానేశాడో రాసి.