పెద్ద పండ్ల గబ్బిలానికి కళ్ళు కనిపించవా?

చక్కగా కనిపిస్తాయి, పగలంతా మర్రి, చింత వంటి పెద్ద చెట్లకు తలకిందులుగా వేలాడే ఈ గబ్బిలం చూపు, వాసనల సాయంతోనే ఆహారం వెదుక్కుంటుంది. రెక్కలు చాచితే మీటరుకు పైగా వెడల్పు ఉండి, కిలో దాటి బరువు తూగగల ఈ జీవి తినే పండ్లు, పూలు కదలవు కాబట్టి, మసక వెలుతురులోనూ పనిచేసే పెద్ద కళ్ళు, నక్కను పోలిన పొడవైన ముక్కు దానికి సరిపోతాయి. ఎగిరే పురుగులను చీకట్లో పట్టే చిన్న గబ్బిలాలకు మాత్రం అవి చాలవు గనుక, మనకు వినపడనంత కీచు ధ్వనిని వెలువరించి, దాని ప్రతిధ్వనిని బట్టి వేటాడతాయి. ఉదాహరణకు, పూతకు వచ్చిన ఇప్పచెట్టును పండ్ల గబ్బిలం వాసనతో పసిగట్టి, కొమ్మను కళ్ళతో చూసి వాలుతుంది.

గబ్బిలాలన్నీ గుడ్డివన్నది అపోహే. ప్రతిధ్వనిని వాడే వాటికీ చూపు ఉంటుంది. అలాగని పండ్లు తినేవన్నీ ఒకే తీరు కావు: గుహల్లో నివసించే రౌసెట్ గబ్బిలాలు నాలుకతో టకటక శబ్దం చేసి, ప్రతిధ్వనితో దారి తెలుసుకుంటాయి.