నీళ్ల కింద ఇంట్లో పది రోజులుండబోయే మా చిన్నాకి

చిన్నా, ఫ్లోరిడాలో కీ లార్గో దగ్గర, సముద్రం అడుగున ఉన్న అక్వేరియస్ అనే రీసెర్చ్ ఇంట్లో ఉండటానికి నీకు ఛాన్స్ వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. విన్నప్పట్నుంచీ నీకు ఏమేం చెప్పాలా అనే ఆలోచిస్తున్నా.

ముందు ఒక్క మాట బాగా ఎక్కించుకో. మామూలు డైవింగ్‌లో ఏ తేడా వచ్చినా పైకి రావడమే మనకి అలవాటు కదా, అక్కడ ఆ అలవాటే ప్రాణం మీదకి తెస్తుంది. దాదాపు 60 అడుగుల లోతులో ఇసుక మీద ఉంటుంది ఆ ఇల్లు, లోపల గాలి ప్రెషర్ పైనదానికి రెండున్నర రెట్లు, ఒక రోజు గడిచేసరికి ఒంట్లో పట్టాల్సిన నైట్రోజన్ అంతా పట్టేస్తుంది. చివర్లో లోపలే తలుపులు మూసి 17 గంటల పాటు మెల్లగా ప్రెషర్ తగ్గిస్తేగానీ అది పోదు. అలా కాకుండా తేలావంటే ఆ గ్యాస్ బుడగలై కీళ్లలోకీ వెన్నులోకీ వెళ్తుంది.

నేను అక్కడున్నప్పుడు నాకు జరిగింది చెప్తా. సాయంత్రం వేళ, నీళ్లు మసగ్గా ఉన్నాయి, పగడం ఫోటో కోసం, ఇంటికి దారి చూపించే తాడు వదిలా, వెనక్కి తిరిగితే తాడు కనపడలా, నేను ఆలోచించేలోపే కాళ్లు పైకి తన్నేస్తున్నాయి. నాతో జతగా డైవ్ చేస్తున్న నా బడ్డీ, నా కాలి ఫిన్ పట్టుకుని నన్ను కిందకి లాగింది. అందుకే ట్రైనింగ్‌లో కళ్లు మూసుకుని తాడు తడుముకుంటూ ఇంటికి రావడం ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు చెయ్యి, సిగ్గుపడకు.

చెవులు జాగ్రత్త నాన్నా. లోపల ఒకటే తేమ, ప్రతి డైవ్ తర్వాతా చెవుల్లో డ్రాప్స్ వేసుకోవాల్సిందే, ఎంత నిద్రొస్తున్నా సరే. చిన్న గీరుడు కూడా త్వరగా మానదు, గ్లవ్స్ తియ్యకు. పైన అలలు పెద్దవైతే లోపల ప్రెషర్ కూడా ఊగి చెవులు టప్‌టప్ మంటాయి, అది మామూలే, కంగారు పడకు.

ఆ ప్రెషర్‌లో నాలుకకి రుచి సరిగా తెలీదు, పొయ్యి వెలిగించడం కుదరదు, వేడినీళ్లు పోసుకునే ప్యాకెట్ తిండే. కందిపొడి పట్టుకెళ్లు, మూత మాత్రం బిగించకు, బిగిస్తే ఆ ప్రెషర్‌కి అక్కడ ఊడి రాదు.

ఆరుగురు ఒక బస్సంత చోట్లో ఉంటారు, మనసులో ఏదన్నా ఉంటే ఆ పూటే చెప్పేసెయ్. రాత్రి లైట్లు ఆపి ఓసారి కిటికీ దగ్గర కూచో, రొయ్యల చిటపటలు వినిపిస్తాయి, నాకు ఇప్పటికీ కలలో వస్తాయి.

బయటికి రాగానే ఫ్లైట్ ఎక్కేసి రమ్మని మీ అమ్మ అంటుంది. అక్కడి డాక్టర్ సరే అనేదాకా ఎక్కకు, అక్కకి నేను చెప్తాలే.

మీ పిన్ని