నీళ్లకే ఎందుకు పొలమారుతుంది?

"స్ట్రోక్ వచ్చాక నాన్నగారికి మెత్తటి తిండి బాగానే దిగుతోంది, నీళ్లు తాగితేనే పొలమారుతోంది. చిక్కగా చేసి ఇస్తే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు.

మింగడానికి అన్నిటికన్నా కష్టమైనవి నీళ్లే. ముద్ద నాలుక తోసేదాకా ఆగుతుంది, నీళ్లు ఆగవు. మింగే ఆ ఒక్క సెకనులో స్వరపేటిక పైకి లేవాలి, స్వరతంత్రులు మూసుకోవాలి, అన్నవాహిక పైమూత తెరుచుకోవాలి. ఇందులో ఏది కాస్త ఆలస్యమైనా, ఊపిరిగొట్టం మూసుకునేలోపే నీళ్లు అందులోకి జారిపోతాయి.

ఆయన పూర్తి మెలకువగా ఉన్నప్పుడు, నిటారుగా కూర్చోబెట్టి, 5 మి.లీ. చెంచాతో నీళ్లిచ్చి చూడండి. గొంతు ముడి మీద వేలు ఆనిస్తే అది లేవడం తెలుస్తుంది. మింగాక "ఆ" అనమనండి. గొంతులో గరగర వినిపిస్తే నీళ్లు స్వరతంత్రుల మీదే ఉండొచ్చు. ఇక అక్కడితో ఆపేయండి.

దగ్గు రాలేదంటే బాగున్నట్టే అనుకోవడం నాకు అస్సలు మింగుడుపడని మాట. స్పర్శ తగ్గిన గొంతులో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. మాటిమాటికీ జ్వరం, కఫం, బరువు తగ్గడం ఉంటే అనుమానించాలి. బేరియం (ఎక్స్‌రేలో కనబడే మందు) కలిపి మింగిస్తూ తీసే ఎక్స్‌రే వీడియోలోనో, ముక్కులోంచి పంపే సన్నటి కెమెరాతోనో అసలు సంగతి బయటపడుతుంది. ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో స్పీచ్ థెరపిస్ట్ ఆ పరీక్ష చూశాకే చెప్పాలి. నీళ్లు చిక్కబరిచే పొడి డబ్బా ముందే కొనకండి. చిక్కటి నీళ్లు ఎవరికీ రుచించవు, తాగడం తగ్గి ఒళ్లు ఎండిపోతుంది.

థెరపిస్ట్ చిక్కదనం చెప్పాక, కొలత కంటితో కాదు, సిరంజితో. 0 నుంచి 10 గీత వరకు 61.5 మి.మీ. పొడవున్న 10 మి.లీ. సిరంజి తీసుకుని, పిస్టన్ తీసేసి, మూతి వేలితో మూసి, 10 దాకా నింపి, 10 సెకన్లు వదలండి. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే చిక్కదనం కొలిచే అంతర్జాతీయ పద్ధతి (IDDSI)లో మొదటి స్థాయి, 4 నుంచి 8 అయితే రెండోది, 8 దాటి 10 లోపైతే మూడోది. పిండిపదార్థంతో చేసిన చిక్కబరిచే పొడులు కలిపినవి నిలవ ఉంటే ఇంకా చిక్కబడతాయి, లాలాజలం తగిలితే పలచబడతాయి. జాంథాన్ గమ్ అనే జిగురు రకం పొడికి ఈ తంటా తక్కువ.

ఇక గ్లాసు. సగం తాగాక అడుగు నీళ్ల కోసం తల వెనక్కి వాలుతుంది, గడబిడ అప్పుడే. అంచు ముక్కు దగ్గర కోసిన గ్లాసైతే తల ఎత్తక్కర్లేదు. గడ్డం ఛాతీ వైపు దించి మింగడం చాలామందికి పనిచేస్తుంది, కానీ అందరికీ కాదు. ఒక పక్క గొంతు బలహీనమైతే తల ఆ పక్కకే తిప్పి మింగాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. ట్యూబుతో ఆహారం పోస్తున్నా పళ్లు తోమాలి, ఎందుకంటే న్యుమోనియా తెచ్చేది నీళ్లకన్నా నోట్లోని క్రిములే. మాత్రలు నూరేముందు డాక్టర్‌ని అడగండి, నెమ్మదిగా కరిగే రకాలు నూరకూడదు.

పసిపిల్లలకు ఈ లెక్కలేవీ నేరుగా వర్తించవు. నెలలు నిండని బిడ్డ పాలలో గమ్ పొడి కలపొద్దు, పేగులకు ప్రమాదం. పాలు నెమ్మదిగా వచ్చే నిపిల్ పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, నాలుగైదు చప్పరింపులకోసారి సీసా దించి ఊపిరి పీల్చుకోనివ్వండి. నిపిల్ కన్నం మాత్రం పెద్దది చేయకండి.