స్ప్రింట్ సాధనకు ట్రెడ్‌మిల్ సరిపోతుందా, ట్రాక్‌కే వెళ్లాలా?

వంద, రెండు వందల మీటర్ల పరుగులకు ట్రెడ్‌మిల్ మీద సాధన చేసినా ట్రాక్ మీద చేసినంత ఫలితం వస్తుందా అని అడిగారు. ఆ రెండు దూరాలూ కొన్నేళ్లపాటు పోటీల్లో పరిగెత్తి, రెండు చోట్లా సాధన చేసిన నా అనుభవంలో రాదు. ట్రెడ్‌మిల్ ఉపయోగం వేరు.

ముందు వేగం లెక్క చూడండి. జిమ్ముల్లోని ట్రెడ్‌మిల్స్‌లో చాలావాటి గరిష్ఠ వేగం గంటకు 20 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ వేగంతో వంద మీటర్లకు 18 సెకన్లు పడుతుంది. 13 సెకన్లలో పరుగు ముగించే వారి సగటు వేగమే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. నిలుచున్న చోటి నుంచి బయలుదేరిన సమయం కూడా అందులో కలిసింది కనుక, మధ్యలో వారు అందుకునే వేగం ఇంకా ఎక్కువ. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన పరుగులో ఉసేన్ బోల్ట్ గంటకు 44 కిలోమీటర్లు దాటాడు.

అంతకంటే పెద్ద లోటు ఆరంభంలో ఉంది. స్టార్టింగ్ బ్లాకుల (ఆరంభంలో పాదాలు ఆనించే దిమ్మెల) మీంచి లేచినప్పుడు ఒళ్లు బాగా ముందుకు వాలి ఉంటుంది, ప్రతి అడుగూ నేలను వెనక్కి బలంగా నెడుతుంది, ఆ నెట్టడంలోనే వేగం పుడుతుంది. మోటారుతో తిరిగే బెల్టు మీద ఈ దశే ఉండదు. బటన్ నొక్కాక అది తన తీరికన వేగం పుంజుకుంటుంది, మనం దానికి తగ్గట్టు కాళ్లు ఆడిస్తాం. పైగా ముందున్న ప్యానెల్‌కు మోకాలు తగులుతుందేమోనన్న జంకుతో నా అడుగు పొట్టిదయ్యేది, రెయిలింగుకు తగలకుండా చేతులు ఒంటికి అతుక్కుని ఆడేవి. ఆ బిగువుతోనే ట్రాక్ మీదికి వస్తే మొదటి పరుగుకే మా కోచ్ “చేతులు వదలవయ్యా” అని కేక వేసేవారు. రెండు వందల మీటర్ల పరుగులో వంపు దగ్గర ఎడమకు వాలడం కూడా బెల్టు నేర్పదు.

ట్రెడ్‌మిల్ మీద ఎదురుకాని గాలి నిరోధానికి బదులుగా బెల్టు ముందు భాగాన్ని ఒక శాతం ఎత్తు పెట్టమంటారు గానీ, అది దూరపు పరుగుల వేగాలకు చెప్పిన లెక్క. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కనుక స్ప్రింట్‌కు అది చాలదు.

అయినా ట్రెడ్‌మిల్‌ను నేను మానలేదు. తొడ వెనక కండరం పట్టేసి కోలుకుంటున్న రోజుల్లో, ఉత్సాహం కొద్దీ వేగం పెంచేసే అవకాశం లేకుండా, పెట్టిన అంకె దగ్గరే పరుగును నిలిపి ఉంచింది అదే. ఎత్తు పెంచి మితమైన వేగంతో పరిగెత్తడానికీ, వర్షాకాలంలో టెంపో పరుగులకూ (పూర్తి వేగం కన్నా తక్కువలో నిలకడగా చేసేవి) బాగుంటుంది. వేగంగా తిరుగుతున్న బెల్టు మీదికి రెయిలింగు పట్టుకుని దూకే పద్ధతిని మాత్రం ఒంటరిగా ప్రయత్నించకండి.

వారానికి రెండు రోజులు ట్రాక్‌కు వెళ్లగలిగితే ముప్పై మీటర్ల ఆరంభాలకే వాటిని కేటాయించండి. పది మీటర్లకు ఒక నిమిషం చొప్పున, ప్రతి పరుగు తర్వాత మూడు నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి. ట్రాక్ దొరకకపోతే గుంతలు లేని చదునైన గడ్డి నేల చాలు, స్పైకులు (అడుగున మేకులుండే బూట్లు) కూడా అక్కర్లేదు.