ఫంక్షన్‌లో పెడితే లూప్ ఎందుకు వేగం పుంజుకుంది?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ మిర్చి తూకాలను క్వింటాళ్ల నుంచి గ్రాముల్లోకి మార్చే పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. ఫైల్లో నేరుగా ఉన్న లూప్‌ను ఏమీ మార్చకుండా ఒక ఫంక్షన్‌లో పెడితే వేగం పెరిగింది. ఎందుకు? 100 * 1000 అని రాస్తే ప్రతిసారీ గుణిస్తుందా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఫంక్షన్‌లోని లోకల్ పేర్లు ఏవేవో కంపైలర్‌కు ముందే తెలుసు. ఒక్కోదానికి ఒక నంబరు గడి కేటాయించి, ఆ గడిలోని విలువను నేరుగా తీసే ‘లోడ్ ఫాస్ట్’ ఆదేశం రాసిపెడుతుంది. ఫంక్షన్ బయటి పేరుకు ఆ వీలు లేదు. లూప్ తిరిగిన ప్రతిసారీ పేర్లు, వాటి విలువలు ఉండే డిక్షనరీలో వెతకాల్సిందే. 2022లో వచ్చిన 3.11 వెర్షన్ నుంచి ఇంటర్‌ప్రెటర్ నడుస్తూనే చాలా ఆదేశాలను వేగవంతమైన రూపాల్లోకి మార్చుకుంటోంది. ఫైలు పైస్థాయిలో, అంటే ఫంక్షన్ల బయట, పేర్లను వెతికే ‘లోడ్ నేమ్’ ఆదేశం మాత్రం వాటిలో లేదు. అందుకే మీరు చేసిన మార్పుకు ఇప్పటికీ విలువ ఉంది.

ఇక 100 * 1000 సంగతి. రెండూ స్థిరాంకాలే కాబట్టి కంపైలర్ ఒక్కసారి లెక్కగట్టి 100000 అని దాచుకుంటుంది. చదవడానికి సులువుగా ఉండేలా విడగొట్టే రాయండి. అసలు చిక్కు క్వింటాళ్లు * 100 * 1000 అని రాసినప్పుడు వస్తుంది. పైథాన్ ఎడమ నుంచి మొదలుపెట్టి ముందు 100తో, వచ్చిన ఫలితాన్ని 1000తో గుణిస్తుంది. అంటే వరుసకు రెండు గుణకారాలు. వాటిని కలిపేసే హక్కు కంపైలర్‌కు లేదు. క్వింటాళ్లు దశాంశ సంఖ్య అయితే రౌండింగ్‌లో చివరి అంకె మారవచ్చు. గుణకారానికి సొంత అర్థం ఇచ్చుకున్న క్లాస్ ఆబ్జెక్ట్ కూడా కావచ్చు. కాబట్టి కంపైలర్ ఆగడమే సరైన పని. మీ డేటా మీకు తెలుసు కనుక క్వింటాళ్లు * (100 * 1000) అని బ్రాకెట్ పెట్టండి, ఒక గుణకారం పోతుంది. 100ను ఒక వేరియబుల్‌లో పెట్టి ఆ పేరుతో గుణిస్తే మాత్రం ఈ లాభం రాదు. ఆ పేరు విలువ ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి కంపైలర్ దాన్ని ముట్టుకోదు.

ఊహతో మార్పులు చేయకండి. పైథాన్‌తో వచ్చే ‘డిస్’ మాడ్యూల్‌కు మీ ఫైలు ఇస్తే ఆదేశాలన్నీ చూపిస్తుంది. అక్కడ 100000 కనిపిస్తే కంపైలర్ ఆ గుణకారాన్ని ముందే చేసేసినట్టే. కాలం కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త: పైథాన్‌లోని ‘టైమిట్’ మాడ్యూల్ మీ కోడ్‌ను తానే ఒక ఫంక్షన్‌లో చుట్టి నడుపుతుంది. దాంతో ఫంక్షన్ లోపలికీ బయటికీ ఉన్న తేడా కనిపించదు. ఆ తేడా చూడాలంటే గడియారంలా పనిచేసే ‘పర్ఫ్ కౌంటర్’ విలువను లూప్‌కు ముందు, తర్వాత తీసుకుని, రెండు పద్ధతులకూ పట్టిన సమయాలను పోల్చండి.