పాఠకుల ప్రశ్నలు: ఎక్స్‌రేలో కార్టిలేజ్ కనబడాలంటే

ప్రశ్న: మా ల్యాబ్‌లో రాగి ట్యూబుతో నడిచే ఎక్స్‌ఆర్‌డీ మిషను (ఎక్స్‌రేలతో స్ఫటికాల నిర్మాణం చూసే యంత్రం) ఉంది. డిఫ్రాక్షన్‌తో (స్ఫటికంలోని పరమాణువుల వరసలు కిరణాన్ని నిర్దిష్ట కోణాల్లో మళ్లించడం) కార్టిలేజ్ (కీలులో ఎముకల చివర్లను కప్పే గుజ్జు) ఫొటోలు తీయొచ్చని చదివాను. మేక మోకాలి ముక్క పెట్టి దీంట్లోనే తీయొచ్చా?
ఎం.టెక్. విద్యార్థి, గిండీ, చెన్నై

జవాబు: కుదరదు. పేరు చూసి పొరబడకండి. ఈ పద్ధతిలో డిఫ్రాక్షన్ జరిగేది కార్టిలేజ్‌లో కాదు, దాని ముందూ వెనకా నిలిపే సిలికాన్ స్ఫటికాల్లో. పైగా మీ ట్యూబు కిరణాల శక్తి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. 1 మి.మీ. నీళ్లు దాటేసరికే మూడో వంతుకు పడిపోతాయి. సెంటీమీటరు మందం ముక్క అవతలికి వచ్చేది దాదాపు సున్నా.

కార్టిలేజ్, దాన్ని తడిపే కీలు ద్రవం ఎక్స్‌రేను ఇంచుమించు ఒకేలా పీలుస్తాయి. అందుకే మామూలు ఫిల్ములో తేడా తెలియదు. సరిహద్దు దగ్గర మాత్రం కిరణం రవ్వంత వంగుతుంది. ఆ వంపు మైక్రోరేడియన్ లెక్కలో ఉంటుంది, అంటే కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు. దాన్ని పట్టేది ముక్క వెనకున్న స్ఫటికం, ఎనలైజర్. మొదట ముక్క లేకుండా ఎనలైజర్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ రాకింగ్ కర్వ్, అంటే కోణాన్ని బట్టి తీవ్రత ఎలా మారుతుందో చూపే గీత, తీయాలి. తర్వాత ముక్క పెట్టి, శిఖరానికి రెండు పక్కలా తీవ్రత సగానికి తగ్గే చోట ఒక్కో ఫొటో తీయాలి. ఆ రెండింటి నుంచి పీల్పు బొమ్మ, వంపు బొమ్మ విడివిడిగా లెక్కకడతారు.

ఈ పని చెడేది ఎక్కువగా వేడి వల్లే. 18 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సిలికాన్ 333 తలాలు (స్ఫటికంలో ఒక రకం పరమాణు పొరలకు పెట్టిన పేరు) వాడితే, రెండు స్ఫటికాల మధ్య 1 డిగ్రీ తేడాకే కోణం దాదాపు 0.9 మైక్రోరేడియన్ జరుగుతుంది. కర్వ్ వెడల్పే కొన్ని మైక్రోరేడియన్లు! ఏసీ ఆపి వేస్తే ఆ పూట పని పోయినట్టే. ఇంకోటి, వంపు ఒక్క దిశలోనే తెలుస్తుంది. స్ఫటికాలు నిలువు వంపును చూసేవైతే కార్టిలేజ్ ఉపరితలం అడ్డంగా, అంచు కనబడేలా ఉండాలి. నీళ్లలో ముంచి తీస్తే ముందు గాలి లాగేయండి. బుడగల అంచులు కార్టిలేజ్‌కన్నా గట్టిగా కనబడతాయి.

ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే కేంద్రం) ఇమేజింగ్ బీమ్‌లైన్, అంటే ఫొటోలు తీసే కిరణ మార్గం, ఉంది. మీ గైడ్ చేత ప్రపోజల్ పెట్టించండి. చెన్నైలోనే ముగించాలంటే ఎక్స్‌రేను బాగా పీల్చే ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లంలో నానబెట్టి మైక్రో సీటీ (చిన్న ముక్కలను సూక్ష్మంగా చూపే సీటీ స్కాన్) తీయడం మేలు. ఆ ఆమ్లం కార్టిలేజ్‌లోని కొలాజెన్ అనే ప్రొటీన్‌కు పట్టుకుంటుంది, కానీ లోపలికి నిదానంగా ఇంకుతుంది. తొందరపడితే నడుమ పాలిపోయి ఉంటుంది, దాన్ని అరుగుదల అనుకునేరు.

ప్రశ్న: అమ్మకు మోకాలి గుజ్జు అరిగిందన్నారు. ఎక్స్‌రేలో గుజ్జు కనబడదట కదా. డిఫ్రాక్షన్‌తో గుజ్జును చూపే కొత్త పద్ధతి బెంగళూరులో ఎక్కడ చేస్తారు?
గృహిణి, మారతహళ్లి

జవాబు: ఇది ఆసుపత్రుల్లో మామూలుగా చేసే పరీక్ష కాదండీ, ప్రయోగశాల పని. ఎక్స్‌రేలో డాక్టర్లు చూసేది ఎముకల మధ్య సందు. అమ్మగారిని నిలబెట్టి తీశారో లేదో కనుక్కోండి. పడుకోబెట్టి తీస్తే సందు ఉన్నదానికన్నా ఎక్కువ కనబడవచ్చు. గుజ్జునే చూడాలంటే ఎంఆర్ఐ ఉంది, అది అవసరమో కాదో ఎముకల డాక్టరు చెబుతారు.